వండ్రుమట్టి మీద నిలబడి రాతి గ్రహాల వైపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో సూర్యుడికి దగ్గరగా తిరిగే నాలుగు గ్రహాల ప్రస్తావన క్లుప్తంగా వచ్చింది. దాని మీద కోనసీమ నుంచి, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి చాలా ఉత్తరాలు అందాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రం తీసుకుని, దానికి కాస్త విపులంగా జవాబు రాస్తున్నాను.

మాస్టారూ, మా పెరట్లో బోరు వేసినప్పుడు దగ్గరుండి చూశాను. నల్లమట్టి, తర్వాత ఇసుక, తర్వాత బంకమట్టి, మళ్ళీ ఇసుక వచ్చాయి కానీ రాయి మాత్రం తగలలేదు. మా పుస్తకంలో బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు రాతి గ్రహాలని ఉంది. ఎంత తవ్వినా రాయి దొరకని భూమి రాతి గ్రహం ఎలా అయింది? సూర్యుడికి దగ్గరున్న నాలుగే ఇలా ఎందుకున్నాయి?
— పదో తరగతి విద్యార్థిని, ముమ్మిడివరం

అమ్మా, డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళకు రావలసిన ప్రశ్నే నీకు వచ్చింది. కోనసీమలో రోడ్డుకు కంకర కావాలన్నా, ఏటిగట్టుకు పేర్చడానికి రాయి కావాలన్నా పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీల నుంచి లారీల మీద రావలసిందే. మన కాళ్ళ కింద ఉన్నది గోదావరి తెచ్చి పోసిన వండ్రు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది దారి పొడవునా దక్కను పీఠభూమి రాతిని, తూర్పు కనుమల రాతిని అరగదీసి, నలగగొట్టి, ఇసుకగానూ మెత్తటి మట్టిగానూ మార్చి మన దాకా తెచ్చింది. నీ చేతికి అంటిన బంకమట్టి ఒకప్పుడు ఎక్కడో కొండరాయి.

బోరు ఆగిన చోట ఆగకుండా ఇంకా కిందికి వెళ్ళగలిగితే రాయి కూడా తగులుతుంది. మన జిల్లాల్లో చమురు, గ్యాసు కోసం కిలోమీటర్ల లోతుకు వేసిన బావుల్లో గట్టిపడిన ఇసుకరాయి, మట్టిరాయి పొరలు కనిపించాయి. రాజోలు పరిసరాల్లోని బావుల్లో వాటి కింద నల్లటి లావా రాయి పొర కూడా బయటపడింది, భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. రాజమండ్రి పక్కన కాతేరులోనూ, ఏటికి అవతల పంగిడిలోనూ నేల మీద కనిపించే నల్లరాయి కూడా ఆ కుటుంబానిదే. సుమారు 6.5 కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు భూమి బీటలు వారి పొంగిన లావా దాదాపు 1,000 కిలోమీటర్లు పారి ఇక్కడి దాకా వచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ రాతిని బసాల్టు అంటారు. శుక్రుడి నేలలోనూ, అంగారకుడి నేలలోనూ అధిక భాగం ఈ జాతి రాయే పరుచుకుని ఉంది, బుధుడి మైదానాల్లో ఉన్నది దీనికి దగ్గరి చుట్టమైన లావా రాయి. అందుకని, ఎప్పుడైనా పంగిడి నుంచి వచ్చిన కంకర గుట్ట కనబడితే ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూడు. పక్క గ్రహాల నేల ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మన ఊళ్ళో దొరికే నమూనా అంతకన్నా మంచిది లేదు.

ఇక ఈ నాలుగే రాతి గ్రహాలు ఎందుకయ్యాయన్నది. సుమారు 456 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడు పుడుతున్నప్పుడు దాని చుట్టూ వాయువు, ధూళి కలిసిన పెద్ద బిళ్ళ తిరుగుతూ ఉండేది. అందులో దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం. రాయిగా, లోహంగా గట్టిపడగల పదార్థం నూటికి ఒక పాలు కూడా లేదు. సూర్యుడికి దగ్గరి ప్రాంతం చాలా వేడిగా ఉండటం వల్ల అక్కడ నీరు, అమ్మోనియా, మీథేన్ వంటివి గడ్డకట్టలేకపోయాయి. ఆ వేడికి తట్టుకుని గట్టి రూపంలో నిలిచినవి ఇనుము, నికెల్ వంటి లోహాలు, సిలికాన్ కలిసిన రాళ్ళు మాత్రమే. వాటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, గులకరాళ్ళయి, కొండలంతటివై, చివరికి ఢీకొంటూ కలుస్తూ గ్రహాలయ్యాయి. ఉన్న సరుకే తక్కువ కాబట్టి తయారైన గ్రహాలూ చిన్నవే. నాలుగింటినీ కలిపి తూచినా రెండు భూముల బరువు తూగవు, బృహస్పతి ఒక్కటే 318 భూముల బరువు. దూరాన మంచు కూడా గట్టిగా నిలిచింది కాబట్టి అక్కడి గ్రహాలకు పోగుచేసుకోవడానికి సరుకు ఎక్కువ దొరికింది, బరువు పెరిగేకొద్దీ అవి చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను కూడా లాక్కున్నాయి.

పుట్టిన కొత్తలో ఈ రాతి గోళాలు ఢీకొన్న దెబ్బలకు కరిగిపోయి ఉండేవి. మీ అమ్మగారు బియ్యం గాలించేటప్పుడు రాళ్ళు అడుగుకు చేరడం చూసే ఉంటావు. కరిగిన గ్రహంలో బరువైన ఇనుము అలాగే మధ్యకు దిగింది, తేలికైన రాతి పదార్థం పైన తేలి గట్టిపడింది. నాలుగింటిలోనూ లోపల ఇనుప గర్భం, దాని మీద మందమైన రాతి పొర, పైన పలుచటి పెంకు ఉండటానికి కారణం ఇదే. అయితే పాళ్ళు ఒకేలా లేవు. 4,880 కిలోమీటర్ల వ్యాసం గల బుధుడిలో ఇనుప గర్భం గ్రహ వ్యాసార్థంలో 85 శాతం దాకా ఆక్రమించింది, రాతి పొర తొక్కలాగా మిగిలింది. ఏదో పెద్ద గోళం వచ్చి కొట్టి పై రాతిని ఊడగొట్టిందా, లేక సూర్యుడికి అంత దగ్గర మొదటినుంచీ ఇనుమే ఎక్కువగా పోగుపడిందా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఈ గర్భం చల్లారి ముడుచుకుంటున్న కొద్దీ పైనున్న పెంకు మడతలు పడి వందల కిలోమీటర్ల పొడవైన గట్లు ఏర్పడ్డాయి. బుధుడి వ్యాసార్థం ఇలా 7 కిలోమీటర్ల దాకా తగ్గిందని 2011 నుంచి 2015 దాకా ఆ గ్రహం చుట్టూ తిరిగిన మెసెంజర్ నౌక పంపిన చిత్రాలను బట్టి లెక్కకట్టారు. ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. అంగారకుడి వ్యాసం 6,779 కిలోమీటర్లు, అంటే బుధుడికన్నా చాలా పెద్దది. అయినా రెండింటి మీదా మన బరువు ఒకటే, భూమి మీద ఉన్నదానిలో 38 శాతం. 50 కిలోల ధాన్యం బస్తా రెండు చోట్లా 19 కిలోలే అనిపిస్తుంది. చిన్నదైన బుధుడు ఇనుముతో నిండి ఉండటమే దానికి కారణం.

సూర్యుడికి అందరికన్నా దగ్గరున్నది బుధుడు. అయినా అన్నిటికన్నా వేడి గ్రహం శుక్రుడని మా అబ్బాయి చదివి వినిపించాడు. పొయ్యికి దగ్గరున్నవాడికి కదా ఎక్కువ సెగ తగలాలి?
— చెరువుల రైతు, భీమవరం మండలం

అయ్యా, మీ లెక్క సగం వరకు సరైనదే. బుధుడు సూర్యుడి నుంచి సగటున 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, శుక్రుడు 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉన్నారు. బుధుడి నేల మీద పడే ఎండ శుక్రుడి దగ్గర పడేదానికి మూడు రెట్ల పైమాటే. తగిలే సెగ అక్కడ ఎక్కువే, ఆ సెగ నిలవడం వేరే సంగతి.

చలికాలంలో చెరువు గట్టున కాపలా పడుకున్నవారికి ఇది అనుభవంలో ఉంటుంది. ఆకాశం తేటగా, చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి తెల్లవారుజాముకు వణికించే చలి వేసి గడ్డి మీద మంచు కురుస్తుంది, మబ్బు పట్టిన రాత్రి మాత్రం ఉక్కగా ఉంటుంది. పగలంతా నేల పీల్చుకున్న వేడి రాత్రి పైకి పోతూ ఉంటుంది, మబ్బు, గాలిలోని తేమ దానిని అడ్డుకుని తిరిగి కిందికి పంపుతాయి. బుధుడి మీద అడ్డుకోవడానికి చెప్పుకోదగిన గాలే లేదు. పగలు 430 డిగ్రీల సెల్సియస్ దాకా కాగిన నేల రాత్రి మైనస్ 180 డిగ్రీలకు పడిపోతుంది. అంతేకాదు, ధ్రువాల దగ్గర ఎండ ఎన్నడూ పడని లోతైన గుంటల అడుగున నీటి మంచు ఉంది. 1991లో భూమి నుంచి పంపిన రాడార్ తరంగాలు దాని జాడ పట్టుకున్నాయి, తర్వాత మెసెంజర్ దానిని బలపరిచింది. సూర్యుడికి అత్యంత సమీపంలోని గ్రహం మీద కోట్ల ఏళ్ళుగా కరగని మంచు ఉండటం కన్నా, దూరమొక్కటే వేడిని నిర్ణయించదని చెప్పే సాక్ష్యం ఇంకేముంటుంది?

శుక్రుడి సంగతి దీనికి పూర్తిగా ఎదురు. 12,104 కిలోమీటర్ల వ్యాసంతో అది దాదాపు భూమి అంత ఉంటుంది, అందుకే ఈ రెండింటినీ కవలలని అనేవారు. కానీ దాని గాలిలో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడే. నేల మీద గాలి ఒత్తిడి మన దగ్గరకన్నా సుమారు 92 రెట్లు, అంటే సముద్రంలో 900 మీటర్ల లోతున నీరు ఎంత నొక్కుతుందో అంత. పైన గ్రహమంతటినీ కప్పి సల్ఫ్యూరిక్ ఆమ్లపు మబ్బులున్నాయి. ఆ మబ్బులు పడిన ఎండలో మూడొంతుల వరకు వెనక్కి తిప్పికొట్టడం వల్ల శుక్రుడు పీల్చుకునే ఎండ నిజానికి భూమి పీల్చుకునేదానికన్నా తక్కువ. అయినా నేల వేడి 465 డిగ్రీల దగ్గర పగలు, రాత్రి, భూమధ్యరేఖ, ధ్రువం అన్న తేడా దాదాపు లేకుండా నిలిచి ఉంటుంది, ఎందుకంటే లోపలికి వచ్చిన ఆ కాస్త వేడిని మందమైన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోనివ్వదు. మన విసురువల అంచుకు కట్టే సీసపు గుళ్ళు అక్కడ నేల మీద పెడితే కరిగిపోతాయి, సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది మరి. 1970లో సోవియట్ వాళ్ళ వెనెరా 7 అక్కడ దిగి మరో గ్రహపు నేల మీద నుంచి సమాచారం పంపిన మొదటి నౌక అయింది. 1982లో దిగిన వెనెరా 13 ఆ వేడిలో 127 నిమిషాలు పనిచేసి, రంగుల చిత్రాలు కూడా పంపింది. నారింజ వెలుతురులో పలకలు పలకలుగా పరుచుకున్న నల్లరాతి నేల ఆ చిత్రాల్లో కనిపిస్తుంది.

మరి అంతే పరిమాణం గల భూమికి ఈ గతి ఎందుకు పట్టలేదన్నది మీరు తప్పక అడుగుతారు, నా దృష్టిలో అసలు తెలుసుకోవలసిందీ ఇదే. భూమి దగ్గరా కార్బన్ డయాక్సైడ్ తక్కువేమీ లేదు, మొత్తం కూడితే శుక్రుడి గాలిలో ఉన్న దానితో పోల్చదగినంత ఉంది. మన దగ్గర అది గాలిలో లేదు, రాతిలో బందీగా ఉంది. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ కొండరాళ్ళను కొద్దికొద్దిగా తింటూ వాటిలోని కాల్షియంతో కలిసి గోదావరి లాంటి నదుల ద్వారా సముద్రం చేరుతుంది. అక్కడ గుల్లలు, నత్తలు, కంటికి కనిపించని ప్రాణులు దానితో తమ పెంకులు కట్టుకుంటాయి, అవి చచ్చి అడుగున పేరుకుని సున్నపురాయి అవుతాయి. మన తీరంలో గుల్లలను కాల్చి సున్నం చేసేవారు. ఆ బట్టీలో గుల్ల నుంచి విడివడి పైకి పోయే వాయువు ఈ కార్బన్ డయాక్సైడే. శుక్రుడి మీద ఒకప్పుడు సముద్రాలు ఉండి ఆవిరైపోయాయా, లేక మొదటినుంచీ నీరు కుదురుకోనే లేదా అన్నది తేలవలసి ఉంది. నీరు లేని చోట కార్బన్‌ను రాతిలోకి దింపే ఈ పని జరగదు, అగ్నిపర్వతాలు కక్కిన వాయువంతా గాలిలోనే మిగిలిపోతుంది. శుక్రుణ్ణి పరిశీలించడానికి మన దేశం నౌకను పంపే ప్రణాళికకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, ప్రయోగానికి 2028 మార్చిని అనుకున్నారు.

శుక్ర మూఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. ఆ రోజుల్లో ఆకాశంలో శుక్రుడికి ఏమవుతుంది?
— గృహిణి, పాలకొల్లు

అమ్మా, శుక్రుడికి ఏమీ కాదు, మనకు కనిపించకుండా పోతాడు, అంతే. శుక్రుడి కక్ష్య మన కక్ష్యకు లోపల ఉంది కాబట్టి భూమి నుంచి చూసినప్పుడు ఆయన సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం జరగడు. కొన్ని నెలలు సాయంత్రం పడమట వెలుగుతాడు, కొన్ని నెలలు తెల్లవారకముందు తూర్పున వేగుచుక్కగా పొడుస్తాడు. మధ్యలో రెండుసార్లు సూర్యుడి వెలుగులో మునిగిపోతాడు. సూర్యుడికి అవతలి వైపు ఉన్నప్పుడు మెల్లగా కదులుతున్నట్టు కనిపిస్తాడు కాబట్టి ఆ మూఢం వారాల తరబడి సాగుతుంది, మనకూ సూర్యుడికీ మధ్య నుంచి వెళ్ళేటప్పుడు త్వరగా దాటిపోతాడు కాబట్టి అది కొద్ది రోజులతో ముగుస్తుంది. ఈ చక్రం ఒకసారి పూర్తి కావడానికి 584 రోజులు పడుతుంది. ముహూర్తాల నిర్ణయం పంచాంగకర్తలది, వారు చెప్పే అస్తమయం, ఉదయం మాత్రం కంటితో సరిచూసుకోదగిన ఖగోళ విషయాలు. ఈసారి మూఢం విడిచాక నాలుగైదు రోజులు ఆగి చూడండి, ఏ వైపు కనిపించాడో దానిని బట్టి ఆయన సూర్యుడి అవతల నుంచి వచ్చాడో, ఇవతల నుంచి వచ్చాడో మీరే చెప్పగలరు. సాయంత్రం పడమట కనిపిస్తే అవతల నుంచి, తెల్లవారుజామున తూర్పున కనిపిస్తే ఇవతల నుంచి.

బుధుడి మీద ఒక రోజు, ఒక సంవత్సరంకన్నా పెద్దదని చదివాను. పిల్లలకు చెప్పబోతే నాకే అర్థం కాలేదు.
— ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, రాజోలు

మాస్టారూ, పిల్లల్ని ఆరుబయట నిలబెట్టి చేయించవలసిన పాఠం ఇది. ఒకరిని మధ్యలో సూర్యుడిగా నిలబెట్టండి. ఇంకొకరిని గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు ఆ సూర్యుడి చుట్టూ తిరగమనండి. రెండు ప్రదక్షిణలు పూర్తయ్యేలోగా, నడిచే దిశలోనే, తన చుట్టూ తాను సరిగ్గా మూడుసార్లు తిరగాలి. తిరిగిన లెక్కకు గుర్తుగా దూరాన ఒక కొబ్బరిచెట్టును పెట్టుకోండి. మూడుసార్లు ఆ చెట్టు వైపు మొహం తిప్పిన పిల్లవాడు మధ్యలో ఉన్న సూర్యుడికి ఎదురుగా మొహం పెట్టింది ఎన్నిసార్లో లెక్కపెట్టమనండి. ఒక్కసారే అవుతుంది, మూడు చుట్లలో రెండింటిని ప్రదక్షిణలు తినేస్తాయి కాబట్టి.

బుధుడు చేసేది ఇదే. ఒక ప్రదక్షిణకు 88 రోజులు, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 59 రోజులు. ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి 176 రోజులు, అంటే అక్కడి లెక్కలో రెండు సంవత్సరాలు. మనం సార్వాకు నారు పోసిన దగ్గర నుంచి కుప్ప నూర్చే దాకా గడిచే కాలం అక్కడ ఒక పగలూ ఒక రాత్రీ. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపినట్టు బుధుడు సూర్యుడికి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతాడని 1965 వరకు నమ్మేవారు. ఆ ఏడాది అరెసిబో రాడార్ పరిశీలనతో ఆ నమ్మకం పోయింది. శుక్రుడిది మరో వింత. ఆయన తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటాడు, అదీ ఎదురు దిశలో, కాబట్టి అక్కడ సూర్యుడు పడమట పొడుస్తాడు.

బుధుడి మీద మన వాళ్ళ పేర్లు ఉన్నాయా?
— సంగీత విద్యార్థిని, తణుకు

ఉన్నాయి. బుధుడి గుంటలకు రచయితలు, కళాకారులు, సంగీతకారుల పేర్లు పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సంఘం పెట్టుకున్న పద్ధతి. వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసులతో పాటు 1976లో త్యాగరాజస్వామి పేరు కూడా ఒక గుంటకు పెట్టారు. అది సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, మన కోనసీమ మొత్తం అందులో పడుతుంది. దాని అడుగున లోతు తక్కువైన, గట్టు లేని మెరిసే పల్లాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. నేలలోని ఏదో పదార్థం ఎండకు ఆవిరైపోగా నేల కుంగి ఇవి ఏర్పడి ఉంటాయని అనుకుంటున్నారు. శుక్రుడి మీద స్త్రీల పేర్లు పెడతారు. అక్కడి ఒక ఎత్తైన పీఠభూమికి లక్ష్మి పేరుంది.

అంగారకుడి మీద మన గోదావరి డెల్టా లాంటిది ఉందని ఎవరో చెప్పగా విన్నాను. చుక్క నీరు లేని చోట డెల్టా ఎలా ఉంటుంది? అది డెల్టాయేనని ఎలా తెలిసింది?
— పడవ సరంగు, నరసాపురం

అయ్యా, ఈ ప్రశ్నకు జవాబు రాయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, డెల్టా ఎలా పుడుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు కూడా. ధవళేశ్వరం దాటిన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలి, వేగం తగ్గి, సముద్రంలో కలిసే చోట తాను మోసుకొచ్చినదంతా దించేస్తుంది. ముతక ఇసుక ముందు దిగుతుంది, మెత్తటి ఒండ్రు ఇంకా దూరం పోయి దిగుతుంది. పాత దిబ్బ మీద కొత్తది పడుతూ, ముందుకు జారుతూ లంకలు పెరుగుతాయి. పారే నీరు, నిలిచిన నీరు కలిసే చోటనే ఇది జరుగుతుంది. కాబట్టి ఏ గ్రహం మీదైనా డెల్టా కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు నది ఉండేదనీ, ఆ నది చేరిన చెరువో సముద్రమో ఉండేదనీ చెప్పుకోవచ్చు.

అంగారకుడి మీద జెజెరో అనే గుంట ఉంది. కొన్ని స్లావ్ భాషల్లో ఆ మాటకు సరస్సు అని అర్థం. వెడల్పు 45 కిలోమీటర్లు, సూటిగా గీత గీస్తే దాదాపు రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఉన్నంత. దాని పడమటి గట్టును తెంచుకుని లోపలికి వచ్చిన ఒక నదీలోయ, ఆ లోయ నోటి దగ్గర విసనకర్రలా విచ్చుకున్న మేట, ఆ మేట మీద పాత పాయల ఆనవాళ్ళు గ్రహం చుట్టూ తిరిగే నౌకలు తీసిన చిత్రాల్లో స్పష్టంగా ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 18న పర్సివరెన్స్ అనే రోవర్ ఆ గుంటలోనే దిగింది. దిగిన కొద్ది నెలల్లోనే అది దూరం నుంచి కోడియాక్ అని పిలిచే ఒక చిన్న దిబ్బను చిత్రాలు తీసింది. ఆ దిబ్బ పక్కగోడలో కింద చదునైన పొరలు, వాటి మీద ఏటవాలుగా వాలిన పొరలు, వాటి మీద మళ్ళీ చదునైన పొరలు కనిపించాయి. నీటిలోకి ముందుకు జారుతూ పెరిగే డెల్టా కోసి చూస్తే ఇలాగే ఉంటుంది. ఏటి కోతకు గట్టు విరిగిపడినప్పుడు లంక అంచున పొరలు బయటపడటం చూసిన మీ బోటివారు ఆ చిత్రం చూస్తే వెంటనే గుర్తుపడతారు.

ఇంకో సంగతి. ఆ మేట పైభాగంలో మెత్తటి పొరల మీద మీటరు దాటిన బండరాళ్ళు కూడా ఉన్నాయి. నిదానంగా పారే ఏరు అలాంటి బండలను మోయలేదు. అంటే చివరి దశలో అక్కడ ఉరవడిగా వరదలు వచ్చాయన్నమాట. 1986 ఆగస్టు వరదలో గోదావరి గట్లు తెగిన రోజులు మన పెద్దవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. కెరటం ఎరగని ఆ ఎర్రటి ఎడారిలో 350 కోట్ల ఏళ్ళకు పూర్వం ఏరు అలా పోటెత్తిందని ఒక రాతి పొర చెబుతుంటే నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ నీరు ఏమయిందంటే, అంగారకుడు చిన్న గ్రహం. బరువులో భూమిలో పదో వంతు. చిన్న కుండలో నీళ్ళు త్వరగా చల్లారినట్టు దాని లోపలి వేడి త్వరగా తగ్గింది, ఇనుప గర్భంలో కదలిక మందగించి గ్రహమంతటినీ కాచే అయస్కాంత క్షేత్రం సుమారు 400 కోట్ల ఏళ్ళ కిందటే పోయింది. తర్వాత సూర్యుడి నుంచి ఎడతెగక వీచే విద్యుత్ కణాల ప్రవాహం దాని గాలిని పైపైన కొట్టుకుపోతూ వచ్చింది. 2014 సెప్టెంబరులో మన మంగళయాన్ అక్కడికి చేరడానికి రెండు రోజుల ముందు చేరిన మావెన్ నౌక ఈ నష్టం నేటికీ జరుగుతున్నదని కొలిచి చూపింది. ఇప్పుడు మిగిలిన గాలి ఒత్తిడి మన దానిలో నూటికి ఒక పాలు కూడా లేదు. అంత పలుచటి గాలిలో నీరు పోస్తే గడ్డకట్టడమో ఆవిరైపోవడమో తప్ప పారదు. మిగిలిన నీరు ధ్రువాల దగ్గర, నేల పొరల్లో మంచుగా ఉంది. రాతిలోని ఇనుము తుప్పు పట్టి నేలకు ఆ ఎరుపు వచ్చింది.

డెల్టానే ఎంచుకుని ఎందుకు దిగారన్నది మీరు అడగకపోయినా చెబుతాను. డెల్టా బురద తనలో పడినదాన్ని పూడ్చి దాచుకుంటుంది. కోరింగ మడ అడవుల్లో కాలు దిగబడే నల్ల బురద ఎందుకు నల్లగా ఉంటుంది? గాలి చొరబడని ఆ బురదలో కుళ్ళే ఆకుల మీద బతికే సూక్ష్మజీవులు ఇనుమూ గంధకమూ కలిసిన నల్లటి ఖనిజాలు తయారయ్యేలా చేస్తాయి. జెజెరోలోకి వచ్చే నదీలోయ అంచున 2024 జులైలో రోవర్ ఒక బురదరాతిని చూసింది. దాని మీద చిరుతపులి మచ్చల వంటి మచ్చలున్నాయి, ఆ మచ్చల్లో ఇనుము, గంధకం కలిసిన ఒక ఖనిజమూ, ఇనుము, భాస్వరం కలిసిన మరొకటీ, రాతిలో సేంద్రియ కార్బనూ ఉన్నట్టు తేలింది. జీవం ప్రమేయం లేకుండా కూడా ఇలాంటివి ఏర్పడే దారులున్నాయి కాబట్టి శాస్త్రజ్ఞులు దీనిని జీవానికి సంబంధించిన ఆనవాలు కావచ్చునని మాత్రమే అన్నారు. ఆ మాటను అంతకన్నా పెద్దది చేసి చెప్పడం తప్పు. రాతి నమూనా రోవర్‌లోని గొట్టంలో భద్రంగా ఉంది, దాన్ని భూమికి తెచ్చి పరీక్షిస్తే తప్ప తేలదు.

ఈ గ్రహాల్లో బుధుణ్ణి మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. మన ప్రాంతం నుంచి కనిపిస్తుందా?
— విశ్రాంత ఉద్యోగి, అమలాపురం

కనిపిస్తుంది. బుధుడు సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం జరగడు కాబట్టి సూర్యాస్తమయం తర్వాత గానీ, సూర్యోదయానికి ముందు గానీ గంటా గంటన్నర లోపే చూడాలి. మన అక్షాంశంలో గ్రహాలు దిక్చక్రం మీదికి దాదాపు నిటారుగా లేస్తాయి, ఆ లెక్కన ఐరోపావారికన్నా మనకే సులువు. మనకు అడ్డం కొబ్బరితోటలే. సాయంత్రం చూడాలంటే పడమట దూరం దాకా వరిచేలు పరుచుకున్న చోటికి, తెల్లవారుజామున చూడాలంటే ఓడలరేవు, అంతర్వేది తీరానికి వెళ్ళండి. ఫాల్గుణ, చైత్రాల సాయంత్రాలూ, ఆశ్వయుజ, కార్తీకాల వేకువలూ అనుకూలం, పొగమంచు లేకపోతే. బుధుడు ఏ రోజుల్లో సూర్యుడికి బాగా దూరంగా ఉంటాడో ముందుగా తెలుసుకుని వెళ్ళాలి.

పగటిపూట చూసే అవకాశం కూడా ఒకటి రాబోతోంది. 2032 నవంబరు 13న బుధుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోతాడు. మనకు మధ్యాహ్నం 12 గంటలు దాటిన తర్వాత మొదలై సాయంత్రం 4:30 దాటే వరకు సాగుతుంది కాబట్టి మొదటి నుంచి చివరి దాకా చూడవచ్చు. ఇలాంటి పరిశీలనలు మన తీరానికి కొత్త కావు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు విశాఖపట్నంలోని తన సొంత వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు పరిశీలించారు. అయితే బుధుడి చుక్క సూర్యబింబపు వెడల్పులో 190వ వంతు ఉంటుంది, గ్రహణపు కళ్ళద్దాలతో కనిపించదు. టెలిస్కోపు ముందు భాగానికి సరైన సౌర ఫిల్టరు బిగించి చూడాలి, లేదా టెలిస్కోపు నుంచి వచ్చే బింబాన్ని తెల్ల కాగితం మీద పడేలా చేసి చూడాలి. ఫిల్టరు లేకుండా టెలిస్కోపులో సూర్యుణ్ణి చూస్తే కన్ను ఆ క్షణమే పోతుంది, పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు ఈ ఒక్క విషయంలో ఏమరుపాటు కూడదు.